షట్‌డౌన్ కొడితే పీసీ మళ్లీ దానంతట అదే ఆన్ అవుతోంది, డ్రైవర్ సమస్యేనా?

మిల్లు_కాంటా:
మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లులో వేబ్రిడ్జి కాంటా దగ్గర కంప్యూటర్ చూసుకుంటాను. రెండు వారాల నుంచి ఒకటే గోస. రాత్రి షట్‌డౌన్ కొట్టి, గదికి తాళం వేసి పోతాను. పొద్దున వచ్చేసరికి పీసీ ఆన్‌లో ఉండి లాగిన్ స్క్రీన్ చూపిస్తోంది. వాచ్‌మన్ తాత ఆన్ చేస్తున్నాడేమోనని అడిగేశాను కూడా. ఆయన చాలా బాధపడ్డాడు.

మొన్న రాత్రి పక్కనే కూర్చుని చూశాను. "షట్టింగ్ డౌన్" అని చుక్కలు తిరుగుతూనే ఉన్నాయి. ఐదు నిమిషాలు చూసి ఓపిక నశించి, పవర్ బటన్ నొక్కి పట్టి ఆపేశాను. రీస్టార్ట్ కొడితే మాత్రం ఏ ఇబ్బందీ లేదు, నిమిషంలో అయిపోతుంది.

విండోస్ 10, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ. తగిలించినవి: కాంటా డిస్‌ప్లే నుంచి వచ్చే యూఎస్‌బీ టు సీరియల్ కేబుల్, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్, వైఫై డాంగిల్. సీసీ కెమెరాల సాఫ్ట్‌వేర్ కూడా ఇందులోనే ఉంది. యాసంగి వడ్ల లారీలు రోడ్డు దాకా లైన్ కట్టి ఉన్నాయి, పగలంతా ఈ పీసీ ఆపే వీల్లేదు. ఏదైనా చేస్తే రాత్రే చేయాలి. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

సూర్యాపేట_హైవే:
ర్యామ్ తీసి రబ్బరుతో తుడిచి పెట్టు. సగం సమస్యలు అక్కడే పోతాయి.

వనపర్తి_వైర్:
ఫార్మాట్ కొట్టు తమ్ముడూ, గంట పని. దాని వెంట పడి తిరిగే కన్నా అది నయం.

మిల్లు_కాంటా:
ఫార్మాట్ కొడితే కాంటా సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించాలంటే వాళ్ల మనిషి హైదరాబాద్ నుంచి రావాలి అన్నా. సీజన్‌లో ఆయన దొరకడు. ర్యామ్ అయితే ఇవాళ రాత్రే తుడుస్తాను.

సాగర్_గేట్లు:
కరెంటు సంగతి చూశారా ఎవరైనా? మా హాలియా దగ్గర మోటార్లు ఆన్ అయితే వోల్టేజీ ఎక్కడికో పడిపోతుంది. మిల్లులో హల్లర్ తిరుగుతుంటే ఇంకా చెప్పాలా. యూపీఎస్ బ్యాటరీ పోయి ఉంటుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు పీసీ దానంతట అదే ఆన్ అయ్యే సెట్టింగ్ బయోస్‌లో (విండోస్ కన్నా ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగ్స్) ఉంటుంది, అది చూడమను.

పాలమూరు_పీసీ:
సాగర్ చెప్పింది కొట్టిపారేసే మాట కాదు, కానీ ఇక్కడ అతను కూర్చుని కళ్లతో చూశాడు కదా. చుక్కలు తిరుగుతూ ఇరుక్కుపోయింది. కరెంటు పోయి వస్తే అలా ఇరుక్కోదు, టక్కున ఆరిపోతుంది.

మిల్లు_కాంటా, నువ్వు ఐదు నిమిషాలకే బటన్ నొక్కి ఆపేశావు, ఆధారం అక్కడే పోయింది. అది ఇరుక్కున్నప్పుడు విండోస్ ఊరికే కూర్చోదు. ఏదో ఒక డ్రైవర్ (పరికరాన్ని నడిపే చిన్న సాఫ్ట్‌వేర్) జవాబు కోసం ఎదురుచూసి, చూసి, చివరికి రాకపోతే తనే క్రాష్ అయి బ్లూ స్క్రీన్ వేస్తుంది. ఆ టైంలో ఒక చిన్న ఫైల్ రాసుకుంటుంది, మినీడంప్ అంటారు. రాయడం అయ్యాక దానంతట అదే రీస్టార్ట్ అవుతుంది. అందుకే పొద్దున నీకు లాగిన్ స్క్రీన్ కనపడుతోంది. నాకు తెలిసి మీ తాత తప్పేమీ లేదు.

ఇవాళ రాత్రి రెండు పనులు చెయ్యి. ఒకటి, సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్, దాంట్లో మినీడంప్ అనే ఫోల్డర్ తెరిచి చూడు, రాత్రిపూట తేదీలతో ఫైళ్లు ఉంటే అవే. రెండు, ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ తనకు జరిగినవన్నీ రాసుకునే డైరీ) విండోస్ లాగ్స్, సిస్టమ్. అక్కడ కెర్నల్-పవర్ 41 అని ఎర్ర గుర్తుతో ఉంటుంది. దాన్ని నొక్కి డీటెయిల్స్‌లో బగ్‌చెక్ కోడ్ ఎంతుందో రాసి పెట్టు.

సూర్యాపేట_హైవే:
41 అంటే పవర్ సప్లై పోయినట్టే కదా? మా దగ్గర ఇద్దరికి ఎస్‌ఎంపీఎస్ మార్చాకే పోయింది.

పాలమూరు_పీసీ:
అందరూ అలాగే అనుకుంటారు, అందుకే ఎంతోమంది మంచి ఎస్‌ఎంపీఎస్‌లు పారేసి కొత్తవి కొంటున్నారు. 41 అంటే "గత సారి సరిగ్గా ఆపకుండా ఆగింది" అని మాత్రమే. కరెంటు పోయినా 41, బటన్ నొక్కి పట్టినా 41, బ్లూ స్క్రీన్ వచ్చినా 41. తేడా లోపలున్న కోడ్‌లో తెలుస్తుంది. కోడ్ 0 ఉంటే కరెంటో, బటనో అయి ఉండొచ్చు. వేరే అంకె ఉంటే విండోస్ తనే క్రాష్ అయినట్టు.

దేవరకొండ_టీచర్:
నా ల్యాప్‌టాప్‌కి పోయినేడు ఇదే వచ్చింది. మూత మూస్తే స్లీప్‌లోకి పోకుండా ఫ్యాన్ తిరుగుతూనే ఉండేది, బ్యాగులో పెట్టుకుని స్కూల్‌కి పోయేసరికి కాలిపోయేది. ఫాస్ట్ స్టార్టప్ ఆఫ్ చేస్తే షట్‌డౌన్ సమస్య పోయింది. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, "చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ", పైన చిన్న అక్షరాల్లో "చేంజ్ సెట్టింగ్స్" నొక్కితే కింద టిక్కు తీసే వీలు వస్తుంది.

వనపర్తి_వైర్:
టీచర్ గారిది కరెక్ట్. ఫాస్ట్ స్టార్టప్ ఆపెయ్, అయిపోయింది. టాపిక్ క్లోజ్.

గద్వాల_డెవ్:
అయిపోలేదు భాయ్. మేడమ్ గారికి కూడా స్లీప్ సమస్య పోయిందని చెప్పలేదు, షట్‌డౌన్ సమస్య పోయిందన్నారు. చెడ్డ డ్రైవర్ అక్కడే ఉంది, దాని మీద దుప్పటి కప్పారు, అంతే.

కొంచెం వివరంగా చెప్తాను, ఇది అర్థమైతే మిగతాదంతా తేలిక. విండోస్ 8 నుంచి, అంటే 2012 నుంచి, మామూలు షట్‌డౌన్ పూర్తి షట్‌డౌన్ కాదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే మనం తెరిచిన ప్రోగ్రాములను మూసి, మనల్ని లాగాఫ్ చేసి, లోపలి కెర్నల్‌ను (విండోస్ గుండెకాయ లాంటి భాగం), డ్రైవర్లను, వెనక నడిచే సర్వీసులను యథాతథంగా డిస్క్ మీద ఒక ఫైల్‌లోకి రాసి నిద్రపుచ్చుతుంది. పొద్దున ఆ ఫైల్ చదివి లేస్తుంది, అందుకే తొందరగా ఆన్ అవుతుంది. రీస్టార్ట్‌కి అలా కాదు, అన్నీ నిజంగానే మూసేసి కొత్తగా మొదలుపెడుతుంది. రీస్టార్ట్ బాగుండి షట్‌డౌన్ ఒక్కటే ఇరుక్కుంటోందంటే నిద్రపుచ్చే దారిలో ఎవరో అడ్డం పడ్డారని నా అనుమానం.

ఎవరు అడ్డం పడతారో మిల్లు భాషలో చెప్తాను. ధాన్యం లారీకి ట్రక్‌షీట్ ఉంటుంది కదా. కాంటా దగ్గర ఒక సంతకం, గోదాం దగ్గర ఒకటి, గేటు దగ్గర ఒకటి. విండోస్ కూడా "కరెంటు తగ్గిస్తున్నాం, సర్దుకోండి" అని ఒక చీటీ రాసి ఒక్కో పరికరం డ్రైవర్‌కి పంపుతుంది. ప్రతి డ్రైవర్ తన పని చూసుకుని కింది వాడికి అందించాలి, అయ్యాక వెనక్కి ఇవ్వాలి. ఒక డ్రైవర్ ఆ చీటీ జేబులో పెట్టుకుని కూర్చుంటే లారీ గేటు దాటదు. చాలాసేపు చూసి విండోస్ గంట కొట్టేస్తుంది. ఆ గంటకు పేరు "డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్", కోడ్ 9ఎఫ్. ఈవెంట్ వ్యూయర్‌లో మామూలు అంకెల్లో 159 అని పడుతుంది. నీకు 159 కనపడితే మనం సరైన దారిలో ఉన్నట్టు.

సాగర్_గేట్లు:
సాగర్ డ్యామ్ 26 గేట్లలో ఒక్కటి దిగకపోయినా మూసినట్టు లెక్క కాదు, అలాంటిదేనా?

గద్వాల_డెవ్:
అచ్చంగా అదే.

మిల్లు_కాంటా:
చూశాను. ర్యామ్ తుడిచినా మార్పు లేదు. 41 చాలా ఉన్నాయి. రెండింట్లో కోడ్ 0, నేను బటన్ నొక్కిన రాత్రులవి. మిగతావన్నీ 159! కానీ మినీడంప్ ఫోల్డర్ ఖాళీగా ఉంది.

పాలమూరు_పీసీ:
159 ఉండి డంప్ లేకపోతే ఎవరో తుడిచేస్తున్నారు. క్లీనర్ సాఫ్ట్‌వేర్ ఏమైనా వేశావా? డిస్క్ క్లీనప్ కూడా ఆ ఫైళ్లను ఎత్తేస్తుంది. పేజ్ ఫైల్ (ర్యామ్‌కి తోడుగా విండోస్ డిస్క్ మీద వాడుకునే ఫైల్) సీ డ్రైవ్ మీద ఉందో లేదో కూడా చూడు, అది తీసేస్తే డంప్ రాయడానికి చోటుండదు.

మిల్లు_కాంటా:
క్లీనర్ ఉంది అన్నా! స్పీడ్ అవుతుందని మా బాబాయి కొడుకు వేశాడు. పీసీ ఆన్ కాగానే అన్నీ తుడుస్తోంది. తీసేశాను.

పాలమూరు_పీసీ:
మంచి పని చేశావ్. ఇంకొకటి. సిస్టమ్ ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్, "స్టార్టప్ అండ్ రికవరీ" సెట్టింగ్స్‌లో "ఆటోమేటికల్లీ రీస్టార్ట్" టిక్కు తీసెయ్. డంప్ రకం "స్మాల్ మెమరీ డంప్" పెట్టు. ఇవాళ షట్‌డౌన్ కొట్టి టీ తాగి రా, ఏమీ ముట్టుకోకు. బ్లూ స్క్రీన్ వచ్చి శాతం నూరు అయ్యేదాకా ఆగు. రీస్టార్ట్ టిక్కు తీశావు కాబట్టి స్క్రీన్ అలాగే నిలబడుతుంది, ఫోన్‌తో ఫోటో తీసుకో.

బత్తాయి_నల్లగొండ:
మధ్యలో నాదొకటి. క్లాక్ టవర్ దగ్గర ఆన్‌లైన్ సెంటర్ నాది. వేలిముద్రల మెషీన్ పెట్టిన దగ్గర్నుంచి నా పీసీ కూడా షట్‌డౌన్ దగ్గర ఆగుతోంది. మెషీన్ వైరు పీకేసి షట్‌డౌన్ కొడితే పది సెకన్లలో ఆగిపోతుంది. రోజూ అలా పీకి పెడుతున్నాను, అది తప్పా?

పాలమూరు_పీసీ:
తప్పు కాదు, నువ్వు తెలియకుండానే మంచి పరీక్ష చేశావ్. ఒక్కో వైరు పీకి చూడటం అన్నిటికన్నా చవకైన పరీక్ష. మిల్లు_కాంటా కూడా డంప్ వచ్చాక అలా చెయ్యొచ్చు.

వనపర్తి_వైర్:
డ్రైవర్ వెరిఫైయర్ ఆన్ చెయ్, అన్ని డ్రైవర్లు టిక్కు పెట్టు, దొంగ దానంతట అదే బయటపడుతుంది. వైర్లు పీకుతూ కూర్చోవాల్సిన పని లేదు.

గద్వాల_డెవ్:
దయచేసి ఇప్పుడు వద్దు. సీజన్‌లో పగలు నడిచే మిషన్ మీద అసలే వద్దు. వెరిఫైయర్ డ్రైవర్లను కావాలని ఒత్తిడి పెట్టి, తప్పు కనపడగానే పీసీని క్రాష్ చేస్తుంది, దాని పనే అది. ఆ తప్పు బూట్ అయ్యేటప్పుడే దొరికితే పీసీ ఆన్ అవుతూ క్రాష్, మళ్లీ ఆన్, మళ్లీ క్రాష్. పొద్దున ఆరింటికి లారీ కాంటా మీదికి ఎక్కాక అలా అయితే ఏం చేస్తాడు?

వనపర్తి_వైర్:
నాకు అలాగే అయింది నిజానికి. రెండు రోజులు తిప్పలు పడ్డాను. చివరికి సేఫ్ మోడ్‌లోకి పోయి కమాండ్ విండోలో వెరిఫైయర్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, స్లాష్ రీసెట్ అని కొడితే దారికొచ్చింది. ఒప్పుకుంటున్నా, డంప్ దొరక్కపోతేనే దాని జోలికి పోవాలి. పోయినా మైక్రోసాఫ్ట్‌వి కాని డ్రైవర్లనే టిక్కు పెట్టాలి, ముందు రిస్టోర్ పాయింట్ చేసి పెట్టుకోవాలి.

సూర్యాపేట_హైవే:
ఒక్క చిన్న డ్రైవర్ ఇంత పని చేస్తుందా? నాకు నమ్మబుద్ధి కావట్లేదు.

పాలమూరు_పీసీ:
2024 జులై 19 గుర్తుందా? సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కి ఒక తప్పుడు అప్‌డేట్ పోయింది, దాన్ని చదివిన డ్రైవర్ కెర్నల్‌లో కూలింది, దాంతో ప్రపంచమంతా దాదాపు 85 లక్షల విండోస్ మిషన్లు బ్లూ స్క్రీన్ వేశాయి. మన ఎయిర్‌పోర్టుల్లో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. మామూలు ప్రోగ్రామ్ కూలితే అదొక్కటే మూతపడుతుంది. డ్రైవర్ కెర్నల్‌లో ఉంటుంది కాబట్టి అది కూలితే ఇల్లంతా కూలుతుంది. కేబుల్ ధర వంద రూపాయలైనా దాని డ్రైవర్ కూర్చునే చోటు అదే.

మిల్లు_కాంటా:
దొరికింది! నిన్న రాత్రి 9:40కి షట్‌డౌన్ కొట్టాను. పది నిమిషాల దాకా చుక్కలే. తర్వాత నీలం స్క్రీన్, "డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్". ఫోటో తీశాను. డంప్ కూడా వచ్చింది. బ్లూస్క్రీన్‌వ్యూ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌తో తెరిస్తే ఎన్‌టీఓఎస్ కెర్నల్ ఫైల్ దగ్గర ఎర్ర గీత చూపిస్తోంది. అంటే విండోసే పాడైందా? గుండె ఆగినంత పనైంది.

సూర్యాపేట_హైవే:
అదిగో, విండోస్ ఫైలే. ఫార్మాట్ తప్పదు.

గద్వాల_డెవ్:
తొందరపడకండి. 9ఎఫ్‌లో ఆ పేరు మామూలుగానే వస్తుంది. గంట కొట్టింది కెర్నల్ కాబట్టి గంట దగ్గర దాని పేరు రాసి ఉంటుంది. చీటీ ఎవరి జేబులో ఉందో చూడాలంటే విన్‌డీబీజీ అనే, డంప్ విప్పి చదివే సాఫ్ట్‌వేర్ కావాలి. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో ఉచితంగా దొరుకుతుంది. వేరే మంచి కంప్యూటర్‌లో వేసుకున్నా చాలు. డంప్ తెరిచి, కింద గడిలో ఆశ్చర్యార్థకం, వెంటనే అనలైజ్, స్పేస్, మైనస్ వి అని ఇంగ్లిష్‌లో కొట్టు. అందులో మొదటి ఆర్గ్యుమెంట్ 3 అని ఉంటే ఒక పరికరం చీటీని పట్టుకుని వదల్లేదని అర్థం. నాలుగో ఆర్గ్యుమెంట్ ఆ చీటీ చిరునామా. కిందికి పోతే ఇమేజ్ నేమ్ అని డ్రైవర్ ఫైల్ పేరు కనపడాలి.

డంప్‌ని మాత్రం ఇక్కడ అందరికీ కనపడేలా పెట్టకు. చిన్నదే అయినా మెమరీలోని ముక్కలు అందులో ఉంటాయి. కావాలంటే నాకు విడిగా పంపు.

మిల్లు_కాంటా:
ఇంట్లో చెల్లి ల్యాప్‌టాప్‌లో వేసి చూశాం. మొదటిది 3. ఇమేజ్ నేమ్‌లో సెర్ అనే అక్షరాలతో మొదలయ్యే ఏదో సిస్ ఫైల్. డివైస్ మేనేజర్‌లో పోర్ట్స్ కింద ఉన్న కామ్ పోర్ట్ (సీరియల్ కేబుల్ పోర్ట్) తెరిచి, డ్రైవర్ డీటెయిల్స్‌లో చూస్తే అదే పేరు. కాంటా కేబుల్‌దే అన్నా!

పాలమూరు_పీసీ:
కాంటా సాఫ్ట్‌వేర్ మామూలు ప్రోగ్రామా, సర్వీస్‌లా వెనక నడుస్తుందా? సర్వీసెస్ లిస్టు చూడు.

మిల్లు_కాంటా:
సర్వీస్ ఉంది. పీసీ ఆన్ కాగానే లాగిన్ కాకముందే బరువు చదవడం మొదలుపెడుతుంది.

గద్వాల_డెవ్:
కథ మొత్తం దొరికినట్టే అనిపిస్తోంది. ఆ సర్వీస్ కామ్ పోర్ట్ తెరిచి "బరువు చెప్పు, చెప్పు" అని ఎప్పుడూ అడుగుతూ ఉంటుంది. రీస్టార్ట్‌లో సర్వీస్ ఆగిపోతుంది, పోర్ట్ మూసుకుంటుంది, డ్రైవర్‌కి వేరే పని ఉండదు, చీటీ సాఫీగా దాటిపోతుంది. ఫాస్ట్ స్టార్టప్ షట్‌డౌన్‌లో సర్వీస్ ఆగదు, అలాగే నిద్రపోవాలి. అడిగిన ప్రశ్న డ్రైవర్ దగ్గర పెండింగ్‌లో ఉండగానే "కరెంటు తగ్గిస్తున్నాం" అనే చీటీ వస్తుంది. మంచి డ్రైవర్ పాత ప్రశ్నను పక్కన పెట్టి చీటీ దాటిస్తుంది. నీది రెంటి మధ్యా ఇరుక్కుపోతోంది.

రుజువు కావాలంటే సర్వీస్‌ను చేత్తో ఆపి షట్‌డౌన్ కొట్టు. ఆగిపోవాలి. తర్వాత సర్వీస్ నడుస్తుండగా స్లీప్ కొట్టు. ఇరుక్కోవాలి.

మిల్లు_కాంటా:
రెండూ నువ్వు చెప్పినట్టే అయ్యాయి అన్నా. సర్వీస్ ఆపితే 12 సెకన్లలో ఆగింది. నడుస్తుండగా స్లీప్ కొడితే స్క్రీన్ నల్లబడి ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

దేవరకొండ_టీచర్:
అయితే నా ల్యాప్‌టాప్ స్లీప్ సమస్య కూడా ఇంకా అలాగే ఉన్నట్టే కదా గద్వాల గారూ. నేను ఫాస్ట్ స్టార్టప్ ఆపి సంతోషపడ్డాను. ఇప్పుడు నా 41లు కూడా చూసుకుంటాను.

పాలమూరు_పీసీ:
మిల్లు_కాంటా, ఈ కేబుల్ చాలా కాలంగా ఉందన్నమాటేగా? రెండు వారాల కింద ఏం మారింది? డివైస్ మేనేజర్‌లో ఆ పోర్ట్ మీద ఈవెంట్స్ ట్యాబ్ చూడు, డ్రైవర్ ఎప్పుడు ఎక్కిందో తేదీతో రాసి ఉంటుంది.

మిల్లు_కాంటా:
సరిగ్గా సమస్య మొదలైన రోజే కొత్త డ్రైవర్ ఎక్కింది! ఆ రోజు కేబుల్‌ను వెనక పోర్ట్ నుంచి ముందు పోర్ట్‌లోకి మార్చాను, అప్పుడే ఇంటర్నెట్ నుంచి తెచ్చుకున్నట్టుంది. పాత డ్రైవర్‌కి వెనక్కి పోయే రోల్ బ్యాక్ బటన్ మాత్రం బూడిద రంగులో ఉంది, నొక్కుడు పడట్లేదు.

పాలమూరు_పీసీ:
పాతది మిషన్‌లో ఉంటే పోదు. అప్‌డేట్ డ్రైవర్, "బ్రౌజ్ మై కంప్యూటర్", ఆ తర్వాత "లెట్ మీ పిక్" నొక్కితే ఎక్కిన వెర్షన్లన్నీ వరసగా కనపడతాయి. పాత తేదీది ఎంచుకో. అక్కడ లేకపోతే కేబుల్‌తో వచ్చిన సీడీ వెతుకు. ఊరూ పేరూ లేని "డ్రైవర్ అప్‌డేటర్" సైట్ల నుంచి మాత్రం దించొద్దు, నా షాపుకు వచ్చే కేసుల్లో కొన్ని వాటి పుణ్యమే. పాతది పని చేశాక డివైస్ ఇన్‌స్టలేషన్ సెట్టింగ్స్‌లో "నో" పెట్టు, కొత్తది దానంతట అది ఎక్కే అవకాశం తగ్గుతుంది. కేబుల్ మళ్లీ వేరే పోర్ట్‌లోకి మార్చకు.

అది అయ్యేదాకా ఇవాళ రాత్రికి షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ కొట్టు. అలా కొడితే పూర్తి షట్‌డౌన్ అవుతుంది.

సాగర్_గేట్లు:
షిఫ్ట్ సంగతి నాకు ఇన్నేళ్లూ తెలియదు. ఇప్పుడే చేసి చూశాను, నిజమే.

బత్తాయి_నల్లగొండ:
నా వేలిముద్రల మెషీన్‌కి కూడా సర్వీస్ ఉంది, ఈ చర్చ చదివి చూశాను. కోడ్ 159. ఆ కంపెనీ వాళ్ల సైట్‌లో కొత్త డ్రైవర్ ఉంది, వేశాను. ఇవాళ వైరు పీకకుండా షట్‌డౌన్ కొట్టాను, ఆగిపోయింది. నాకు కొత్తది పని చేసింది, మిల్లు తమ్ముడికి పాతది కావాల్సి వస్తోంది.

గద్వాల_డెవ్:
అందుకే "ఎప్పుడూ లేటెస్ట్ వెయ్" అనే మాట డ్రైవర్ల విషయంలో నేను ఒప్పుకోను. పేరు తెలిశాకే పాతదా కొత్తదా అని ఆలోచించాలి.

వనపర్తి_వైర్:
విండోస్ 11 వేసుకున్న వాళ్లకు ఒక మాట. 24హెచ్2 వెర్షన్‌లో 2025 అప్‌డేట్ల తర్వాత ఆ స్క్రీన్ నీలంగా రాదు, నల్లగా వస్తుంది. మానిటర్ పోయిందనుకుని వైరు పీకకండి, అక్షరాలు చదవండి.

మిల్లు_కాంటా:
లిస్టులో పాత వెర్షన్ దొరికింది. ఎక్కించి మూడు రాత్రులు అయింది. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లోనే ఉంచి, సర్వీస్ నడుస్తుండగానే మామూలు షట్‌డౌన్ కొట్టాను. మూడు సార్లూ 15 సెకన్ల లోపే ఆగింది. మినీడంప్‌లో కొత్త ఫైల్ లేదు, కొత్త 41 లేదు. స్లీప్ కూడా పోతోంది, లేస్తోంది, బరువు సరిగ్గా చూపిస్తోంది. నిన్న పగలు 63 లారీలు తూచాం.

పాలమూరు_పీసీ:
ఆ పాత డ్రైవర్ ఫోల్డర్ ఒక పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి కాంటా గదిలో పెట్టు. సీజన్ అయ్యాక మంచి చిప్ ఉన్న కేబుల్ ఒకటి సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ నుంచి తెప్పించుకో.

మిల్లు_కాంటా:
కాపీ చేసేశాను అన్నా. తాతను రాత్రి కాంటా గదిలో కూర్చోబెట్టి, షట్‌డౌన్ కొట్టి చూపించాను. స్క్రీన్ ఆరిపోయేదాకా ఇద్దరం చూశాం. "నేను ముట్టుకోలేదని చెప్తే నువ్వు నమ్మలేదు బిడ్డా" అన్నాడు. తప్పయిందని చెప్పాను.